మోచెయ్యి రెజీనా

మా అమ్మమ్మ రెజీనా ఇప్పటికి నాలుగు వందల పెళ్ళిళ్ళలో అక్షింతలు వేసింది. వాటిలో ఒక్కటీ నిలవలేదు. మూడో ముడి పడగానే డైరెక్టర్ కట్ అంటాడు. పెళ్ళికొడుకు గొడుగు కిందికి పోతాడు, పెళ్ళికూతురు ఫోన్ అడుగుతుంది. అమ్మమ్మ మాత్రం కింద పడ్డ అక్షింతలు ఏరి మళ్ళీ పళ్ళెంలో పోస్తుంది, అదే పెళ్ళి ఇంకో వైపు నుంచి మళ్ళీ తీయాలి కాబట్టి. ఆదివారం చర్చిలో మూడో వరసలో కూర్చుని కీర్తనలు పాడే మనిషి, మిగతా ఆరు రోజులూ హారతి పళ్ళెం ఏ వైపు తిప్పాలో పంతులు వేషగాళ్ళకు చెబుతూ ఉంటుంది.

ఆమెది రేపల్లె. పెళ్ళయ్యాక తాత వెంట హైదరాబాద్‌లో సినిమా పనివాళ్ళుండే కృష్ణానగర్ వచ్చింది. తాత పేరు ఇశ్రాయేలు, షూటింగులకు జనరేటర్ వ్యాను నడిపేవాడు. ఓ రోజు ఆయనకు క్యారేజీ ఇవ్వడానికి సెట్టుకు వెళ్తే ఎవరో కేకేసి, "ఏమ్మా, ఆ స్తంభం పక్కన కాస్త నిలబడు" అన్నారు. నిలబడింది. ముప్ఫై ఆరేళ్ళయింది, ఇంకా నిలబడే ఉంది.

ఇన్నేళ్ళలో ఆమెకు దక్కిన డైలాగులు రెండు. మొదటిది "అయ్యో!" రెండోది "డాక్టర్‌గారూ!" రెండోదాన్ని ఎడిటింగ్‌లో తీసేశారు. మొదటిదానికి వేరేవాళ్ళ గొంతు పెట్టారు.

టీవీలో ఆమె ఉన్న సినిమా వచ్చిందంటే ఇంట్లో అన్నం చల్లారిపోవలసిందే. "ఆపండి, ఆపండి! అదిగో నేను!" అని లేచి వెళ్ళి టీవీ మీద వేలు పెడుతుంది.

"ఎక్కడ అమ్మమ్మా?"

"హీరోగారి భుజం వెనక. నీలం రంగు."

"అది కిటికీ తెర కదా!"

"తెరకి చెవి ఉంటుందా? సరిగ్గా చూడండి!"

అప్పుడు తాత కళ్ళద్దాలు పైకి తోసి తీర్పు చెబుతాడు. "ఆ చెవి దానిదేరా. నలభై ఏళ్ళుగా నా మాట వినని చెవి, నాకు తెలియదూ?"

ఇలా సగం సగం కనబడటం ఆమెకు సినిమాల్లో అబ్బిన విద్య కాదు, బడి నుంచే ఉంది. రేపల్లెలో సెయింట్ ఆగ్నెస్ బాలికల హైస్కూలు, పదో తరగతి గ్రూపు ఫొటో. తరగతిలో నలభై ఇద్దరు, ఫొటో కింద నలభై ఒక్క పేర్లు. మధ్యలో కుర్చీలో దయామణి టీచర్, ఆమె పక్కన కుర్చీలో క్లాసు లీడరు హైమ. ఎడమ అంచున, ఇంకెవరి భుజానికో అతికించినట్టు, నల్లగా ఒక మోచెయ్యి. అదీ మా అమ్మమ్మ. ఫొటో తీసినవాడు ఆమెను చూడలేదు. చూడలేదన్న సంగతి టీచరూ చూడలేదు. ఆ ఏడాది నాటకంలో హైమ రాణి వేషం వేస్తే అమ్మమ్మ తెర తాడు లాగింది. చప్పట్లు మోగినప్పుడల్లా అందులో తాడుకెంత వాటా అని లెక్క వేసుకునేదట.

పోయిన వేసవిలో ఆ బడి పిల్లలందరూ, అంటే ఇప్పటి అరవై ఏళ్ళ పిల్లలు, వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ఎవరో అమ్మమ్మ నంబరు కూడా పట్టుకుని చేర్చారు. హైమ అడిగింది, "రెజీనా, ఏం చేస్తున్నావు?" అని.

"సినిమాల్లో నటిస్తున్నాను" అని అమ్మమ్మ రాసింది. అది నిజమే.

"అబ్బో! ఎన్ని సినిమాలు?"

"లెక్క లేదు." అదీ నిజమే.

"అయితే పెద్ద నటివన్నమాట! మన హైదరాబాద్‌లోనే ఉండి ఒక్కసారీ ఎదురుపడలేదేం?"

అమ్మమ్మ అక్కడ ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. చింతపండు పిసికిన వేలు తుడుచుకుని మరీ, "బయటికొస్తే జనం వదలరు హైమా" అని టైపు చేసేసింది.

వారం తిరక్కుండా హైమ దగ్గర్నుంచి గ్రూపులో ఒక గొంతు సందేశం వచ్చింది. జూబ్లీ హిల్స్‌లో తన ఇంటికి దగ్గర్లోనే ఒక హోటల్ ఉందనీ, చెట్ల కింద బల్లలు వేస్తారనీ, రెండో శనివారం మధ్యాహ్నం అందరూ అక్కడికి రావాలనీ. దయామణి టీచర్‌ని కూడా తీసుకొస్తున్నారట. చివర్లో, "మళ్ళీ గ్రూపు ఫొటో దిగుదామే. ఈసారి టీచర్ పక్క కుర్చీ నాది కాదు. బ్యాచ్‌కి పేరు తెచ్చిన మనిషిది. మన రెజీనాది!" అని ఉంది.

అమ్మమ్మ దాన్ని పదకొండుసార్లు విన్నది. తాత లెక్కపెట్టాడు. పన్నెండోసారి వినబోతూ ఆగిపోయి, మొహం వేలాడేసింది. జనం వదలరని రాసింది కదా. మూడు గంటలు హోటల్లో కూర్చున్నా పిల్లి కూడా వచ్చి పలకరించకపోతే ఆ కుర్చీ ఉంటుందా?

ఆ సాయంత్రమే మంజులత దగ్గర గోడు వెళ్ళబోసుకుంది. మంజులతది బోరబండ. ఇరవై ఏళ్ళుగా అమ్మమ్మతో పాటు సెట్లలో నిలబడుతున్న మనిషి. చావు సీన్లలో ఏడవడానికి ఆమెను మించినవాళ్ళు లేరు, బొట్టు చెరక్కుండా ఏడుస్తుంది.

"గంతేనా అక్కా? దీనికింత ఫికరా?" అన్నది మంజులత. "మనమెవ్వరం? జనమే గదా! ఊర్లున్న హీరోలందరికీ జనమైతిమి, నీకు గాకపోతమా?"

"తప్పు కదంటే?"

"ఏం తప్పు? రోజు జేసే పనేనాయె. ఏందో, ఎన్నడు లేంది ఇయ్యాల నువ్వు హీరోవైనవ్, గంతే."

శుక్రవారం సాయంత్రం మా రేకుల గదిలో పన్నెండు మంది జనం చేరారు. అందరూ ఆమెకు తెలిసినవాళ్ళే. వాళ్ళలో జాకబ్‌కు డెబ్బై ఏళ్ళు, జడ్జి రాగానే లేచి నిలబడటంలో ఆరితేరినవాడు. క్రాంతికుమార్ ఎప్పుడూ సంచీ పట్టుకుని హీరో వెనక ఎడమ నుంచి కుడికి నడిచిపోయే మనిషి. అమ్మమ్మ మంచం మీద నిలబడి, చేతిలో చీపురుతో సీను వివరించింది.

"హోటల్ సీను. హీరో తింటూ ఉంటాడు, జనం గుర్తుపట్టి మీద పడతారు. మనం వంద సార్లు చేశాం. షూటింగ్‌లో ఎలా చేస్తామో అచ్చం అలాగే చేయండి. ఏమీ మార్చొద్దు. నేను కొంగు భుజం మీదికి తీసుకున్నానంటే యాక్షన్."

"మరి కట్?" అని జాకబ్ అడిగాడు. అనుభవజ్ఞుడు.

"కట్ నేనే చెబుతా అన్నయ్యా. నేను చెప్పేదాకా ఎవరూ ఆపొద్దు."

తాత మూలన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ, "ఏమే, ఈ సీనుకి జనరేటరు అక్కర్లేదా?" అన్నాడు. చీపురు ఆయన మీదికి వెళ్ళింది.

శనివారం పొద్దున అమ్మమ్మ తయారవడానికి రెండు గంటలు పట్టింది. చీర ఎవరో జమీందారు అత్తగారి వేషానిది, కాస్ట్యూమ్ వాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకుంది. కొంగు మీద నెమలి, నెమలికి ఒక కన్ను లేదు, ఆ వైపు లోపలికి మడిచింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది.

"మబ్బు పట్టింది కదే, ఆ అద్దాలెందుకు?" అన్నాడు తాత.

"ఎండ కోసం కాదు."

ఆటోను మలుపులోనే ఆపించి, దిగి, చీర సర్దుకుని, కారు దిగిన మనిషిలా హోటల్ గేటులోకి నడిచింది.

లోపల ముప్ఫై మంది. అరుపులు, కావలింతలు, మోకాళ్ళ నొప్పులు. ఒకామె అమ్మమ్మ రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు... సరోజినివి కదూ?" అంది.

"రెజీనాని."

"ఆ, ఆ! సినిమా రెజీనా!"

అలా ఏడెనిమిది మంది అన్నారు. సినిమా అందరికీ గుర్తుంది. రెజీనా ఎవరికీ గుర్తులేదు. చక్రాల కుర్చీలో ఉన్న దయామణి టీచర్‌కు ఎనభై ఎనిమిదేళ్ళు. అమ్మమ్మ వంగి దండం పెడితే, "చల్లగా ఉండమ్మా, నువ్వు ఎవరి అమ్మవి?" అంది.

హైమ మోకాలికి పట్టీ వేసుకుని కూడా రాణిలాగే వచ్చింది. అమ్మమ్మను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. సూపు అయింది, వేపుళ్ళు అయ్యాయి. చుట్టూ బల్లల దగ్గర వేరేవాళ్ళు తింటున్నారు, ఒక్కరూ తలెత్తి చూడలేదు. హైమ నాలుగు వైపులా చూసి, గొంతు తగ్గించకుండానే అంది, "ఏమే, జనం వదలరన్నావు? ఇక్కడ పట్టుకునేవాడే కనబడడే!"

బల్ల మొత్తం నవ్వింది. అమ్మమ్మ నల్లద్దాలు సర్దుకుంది. కొంగు భుజం మీదికి లాగింది.

గేటు దగ్గర కలకలం రేగాలి. రేగలేదు. బయట కాచుకుని ఉన్న పన్నెండు మందీ పరిగెత్తుకుంటూ వచ్చారు, బల్లను చుట్టుముట్టారు, చేతులు పైకెత్తి ఊపారు, ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు, నోళ్ళు బార్లా తెరిచి కేకలు పెట్టారు. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. చప్పుడు ఒక్కటే లేదు.

నోళ్ళు ఆడుతున్నాయి, గొంతు లేదు. మెడ నరాలు పొంగుతున్నాయి, గొంతు లేదు. మంజులత గుండె మీద చెయ్యి వేసుకుని అమ్మమ్మను చూసి పరవశించిపోతోంది, కిక్కురుమనకుండా. జాకబ్ రెండు చేతులూ ఆకాశానికెత్తి జేజేలు కొడుతున్నాడు, చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దంగా. క్రాంతికుమార్ సంచీతో ఎడమ నుంచి కుడికి నడిచిపోయాడు. కాసేపాగి కుడి నుంచి ఎడమకు నడిచిపోయాడు. ఎవరో సెల్ఫీ తీస్తున్నట్టు ఫోన్ ఎత్తితే, మిగతావాళ్ళు లెన్సులో పడకూడదని అలవాటు కొద్దీ మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

అమ్మమ్మకు అప్పుడు తెలిసింది, తను ఏం చేసిందో. షూటింగ్‌లో చేసినట్టు అచ్చం అలాగే అంది. షూటింగ్‌లో జనం అరవరు. హీరోగారి మాట మీద పడుతుందని నోరు మాత్రమే ఆడిస్తారు, అరుపులు తర్వాత వేరేచోట వేసుకుంటారు. ముప్ఫై ఆరేళ్ళుగా తనూ అలాగే అరిచింది.

పళ్ళేల మీద చెంచాలు ఆగిపోయాయి. హైమ కళ్ళు పెద్దవి చేసుకుని చూసి చూసి, ఒక్కసారిగా అమ్మమ్మ చెయ్యి పట్టేసుకుంది.

"మూగవాళ్ళా వీళ్ళు? ఇంతమంది మూగవాళ్ళు నీకోసం వచ్చారా! నోట మాట లేకపోయినా ఎంత ప్రేమే నీ మీద!"

"అది కాదు హైమా..."

"నువ్వు చెప్పుకోవులే! సేవ చేసేవాళ్ళు చెప్పుకోరు!"

అంతే, బల్ల చివరిదాకా పాకిపోయింది. సినిమా రెజీనా మూగవాళ్ళను ఆదుకుంటోందట. ఇద్దరు కళ్ళు ఒత్తుకున్నారు. ఒకామె లేచి వెళ్ళి క్రాంతికుమార్ తెరిచిన నోట్లో గులాబ్ జామ్ పెట్టింది. షాటు మధ్యలో నమలకూడదు కనుక అతను దాన్ని బుగ్గన పెట్టుకుని జేజేలు కొనసాగించాడు. దయామణి టీచర్ చెయ్యెత్తి ఆశీర్వదిస్తూ, "వీళ్ళకి చదువు కూడా చెబుతున్నావా తల్లీ?" అని అడిగింది.

"ఏదో... కొంచెం" అంది అమ్మమ్మ. అబద్ధానికి ఇంకో పట్టుచీర దొరికింది.

"ఫొటో! ఇప్పుడే తీయాలి!" అని హైమ లేచింది. టీచర్ పక్కన కుర్చీ వేయించింది. నున్నగా, ఎర్రమెత్త ఉన్న కుర్చీ. సర్వరు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ముప్ఫై మందీ దారి ఇచ్చారు. నలభై అయిదేళ్ళ తర్వాత రెజీనా మధ్యలోకి నడిచింది. కూర్చోబోయింది. మెత్తకీ మనిషికీ మధ్య ఇంకా జానెడు ఎడం ఉంది.

అప్పుడు జాకబ్ చేతులు కనబడ్డాయి. ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి. కుడి భుజం అటూ ఇటూ ఊగుతోంది. నోరు ఇంకా జేజేలు కొడుతోంది, పెదాలు మాత్రం పాలిపోయాయి. కట్ పడలేదు కనుక దించడు. దించితే షాటు పోతుంది, షాటు పోగొట్టాడన్న మాట ఆ మనిషి ఎన్నడూ పడలేదు. పక్కన మంజులత పరవశిస్తూనే కళ్ళతో మింగేసేలా చూస్తోంది.

ఒకసారి వాన షాటులో ఒక డైరెక్టర్ కట్ చెప్పడం మరిచి ఫోన్‌లో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. అరగంట పైపుల కింద తడుస్తూ నిలబడ్డారు వీళ్ళు. ఆ రోజు ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ అమ్మమ్మ అతగాణ్ణి తిట్టిన తిట్లు తాతకు ఇప్పటికీ వరసగా వచ్చు. "జనాన్ని నిలబెట్టి మరిచిపోయేవాడు మనిషేనా?" అన్నది వాటిలో కాస్త మర్యాదైనది.

అమ్మమ్మ ఎర్రమెత్త వంక ఒక్కసారి చూసింది. నిటారుగా లేచి నిలబడింది. ముప్ఫై ఆరేళ్ళుగా దాచుకున్న గొంతంతా తెచ్చి, "కట్!" అంది.

చెట్ల మీద పావురాలు లేచిపోయాయి. పన్నెండు మంది చేతులూ దిగాయి, పన్నెండు గొంతులూ ఒక్కసారే లేచాయి.

"అబ్బ, సచ్చిపోతిమి గదక్కా!"

"మంచినీళ్ళు, మంచినీళ్ళు ఇవ్వండయ్యా!"

"ఇది ఓకేనా, వన్ మోరా?" అని క్రాంతికుమార్ గులాబ్ జామ్ మింగి అడిగాడు.

అమ్మమ్మ ముందు తనకు వేసిన కుర్చీ ఈడ్చుకెళ్ళి జాకబ్‌ను కూర్చోబెట్టింది. భుజం ఒత్తుతూనే మంజులత మీద విరుచుకుపడింది. "ఏంటే ఇది? కాస్త అరిచి చావకూడదూ?"

"నువ్వు అరువుమన్నవా? షూటింగ్‌ల లెక్కనే జెయ్యిమన్నవ్! షూటింగ్‌ల ఏ జనం అరుస్తరక్కా?"

హైమ మంజులతను ఎగాదిగా చూసింది. "అయితే... మాట్లాడతారా మీరు?"

"మాట్లాడకేంది మేడమ్! మా ఇంట్లకొచ్చి అడుగుండ్రి, ఆపుమని మొక్కుతరు."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అమ్మమ్మ నల్లద్దాలు తీసేసింది. "నేను నటినే హైమా. జనంలో నటిని. వీళ్ళూ నేనూ కలిసి జనం. నన్నెవరూ గుర్తుపట్టరు, గుర్తుపడితే మా పని చెడినట్టే. ఆ కుర్చీ మీద ఆశ పడ్డాను. అంతే."

హైమ ఆ అద్దాలు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అంది, "నేనూ ఒక నిజం చెప్పనా? నువ్వెవరో నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదే."

"పదో తరగతి ఫొటోలో ఎడమ పక్క చివర మోచెయ్యి. అది నాది."

ముప్ఫై ఫోన్లు బయటికొచ్చాయి. ముప్ఫై మంది రెండేసి వేళ్ళతో పెద్దది చేసి చూశారు. "ఓసినీ! ఇది చెయ్యా?" అని హైమ కేక పెట్టింది. "నలభై అయిదేళ్ళుగా తలుపు చెక్క అనుకుంటున్నానే!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. హైమ మోకాలు పట్టుకుని నవ్వింది. మంజులత నేల మీద కూలబడి నవ్వింది. చుట్టుపక్కల బల్లలవాళ్ళు అప్పుడు తలెత్తి చూశారు, అందరూ, ఒక్కరూ మిగలకుండా.

నవ్వు తగ్గాక హైమ కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. "ఆ నోరాడించడం నాకూ నేర్పవే. మా వీధిలో నేను డాక్టర్‌గారి మేడమ్‌ని. పేరు ఏ ఒక్కరికీ తెలియదు. రాణి వేషం వేసినదాన్ని! అసలు లోపల ఏమనుకుంటారే మీరు, పెదాలు అంత బాగా కదులుతాయి?"

"ఎక్కాలు" అంది అమ్మమ్మ. "పదమూడో ఎక్కం అయితే నోరు బాగా తిరుగుతుంది."

"పదమూడో ఎక్కమా?" చక్రాల కుర్చీలోంచి దయామణి టీచర్ గొంతు వచ్చింది. ముడతల వెనక కళ్ళు మెరిశాయి. "ఒసేయ్, నువ్వా! ఎక్కంలో పదమూడు ఏళ్ళ దగ్గర ఆగిపోయి బెంచీ ఎక్కే పిల్లవి! ఏదీ, చెప్పు, పదమూడు ఏళ్ళెంత?"

అమ్మమ్మ చేతులు కట్టుకుంది. నోరు ఆడింది. గొంతు రాలేదు.

"ఇదే, ఇదే! ఇలాగే నోరు ఆడించేది!" అని టీచర్ చప్పట్లు కొట్టింది. "తొంభై ఒకటి అనవే మొద్దూ! రెజీనా కదూ నువ్వు?"

బడిలో ఆమె పేరు అలా గుర్తుండిపోయిందన్నమాట, రాని ఎక్కం వల్ల. అమ్మమ్మ మొహం చూస్తే మాత్రం బంగారు పతకం వేశారనుకోవాలి.

ఆ తర్వాత అరగంట హోటల్ తోటలో ఆమె రాజ్యం. ముప్ఫై మంది అరవై ఏళ్ళ ఆడవాళ్ళను వరసల్లో నిలబెట్టింది. "హైమా, లెన్స్ చూడకు! చూశావంటే ఇంటికి పంపుతా! సరోజినీ, నువ్వు పక్కావిడ చెవిలో చెప్పు. పదమూడో ఎక్కం, అందరూ, గొంతు లేకుండా! టీచర్‌గారూ, మీరు కూడా!" జాకబ్ లేచి కుర్చీ తిరిగి ఇవ్వబోతే, కూర్చోమని కసిరి, టీచర్‌కీ ఆయనకీ మధ్యలో ఇంకో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"యాక్షన్!" అని తనే అంది.

ఆ ఫొటో ఇప్పుడు మా టీవీ పైన గోడకు ఉంది. నలభై మందికి పైగా ఉన్నారు. అందరి మొహాలూ పక్కకే, అందరి నోళ్ళూ పదమూడో ఎక్కం మీదే, క్రాంతికుమార్ సంచీతో దాటిపోతూ మసకగా పడ్డాడు. లెన్సు లోకి సూటిగా చూసింది ఒక్క మనిషే. నడి మధ్యన, ఒంటికన్ను నెమలి కూడా బయటపడిపోయి, ముప్ఫై రెండు పళ్ళూ కనబడేలా.

తాత దాన్ని ఫ్రేము కట్టించి తెచ్చిన రోజున కళ్ళద్దాలు పైకి తోసి చాలాసేపు వెతికాడు.

"అంతా బాగానే ఉంది గానీ, మోచెయ్యి ఏదే?"

మోచెయ్యి పడలేదు. జాకబ్ భుజం అడ్డం వచ్చింది.